మూడో కాలు ఆనేదాకా

పియానోలు తరలించే కంపెనీ గోడౌనులో వాళ్ళిద్దరినీ పైబావ, కిందిబావ అని పిలిచేవాళ్ళు. పేర్లు లేక కాదు. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్ళు. బయటివాడెవడైనా సరదాకి "బావా!" అని కేక వేస్తే ఇద్దరి తలలూ ఒక్కసారే తిరిగేవి, మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. పియానో దించేటప్పుడు ఒకాయన పైన నిలబడి మూల పట్టుకుంటాడు, ఇంకొకాయన కిందికి దూరి కాలు ఊడదీస్తాడు. ఆ లెక్కన ఒకాయన పైబావ, ఒకాయన కిందిబావ. కిందిబావ భార్య పైబావకి సొంత చెల్లెలు. చుట్టరికం కంటే పని ముందు వచ్చింది. పనిలో నచ్చాడనే చెల్లెల్నిచ్చాడు పైబావ.

"కింద పడుకుని నోరెత్తకుండా చెప్పింది చేసేవాడు. మొగుడుగా అంతకంటే ఏం కావాలే నీకు?" అన్నాడట చెల్లెలితో.

"నాకేం అభ్యంతరం లేదు. ఇంటికి ఒక్క నోరు చాలు, అది నాకుంది" అందట ఆవిడ.

అన్నంత పనీ చేసింది. ఆ ఇంట్లో మాట్లాడేది ఆవిడ, ఊకొట్టేది ఆయన. వీధి మొదట్లో కూరగాయలమ్మే ఆవిడ తూకం మొదలుకుని పక్కింటివాళ్ళ పిల్లి దొంగబుద్ధి దాకా ఆవిడ చెబుతూ ఉంటే, ఆయన గోడకి జారగిలబడి "ఊఁ" అంటూ ఉండేవాడు. ఎవరైనా ఆ ఊఁలు విని పరాకుగా అంటున్నాడనుకుంటే పొరపాటు. ఆయన ప్రతి మాటా వినేవాడు. తిరిగి చెప్పడమే చేతనయ్యేది కాదు.

పని కూడా ఆయనకి తగ్గట్టే దొరికింది. గ్రాండ్ పియానోని మొదటిసారి చూసిన ప్రతివాడికీ, నలుగురు గట్టివాళ్ళు నాలుగు పక్కలా పట్టుకుని లేపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. మూడు కాళ్ళ మీద గున్న ఏనుగంత బరువు అది. లేపి నడిపించబోతే ముందు దాని కాళ్ళు విరుగుతాయి, తర్వాత మన నడుములు. పియానోని లేపకూడదు, ఒరిగించాలి. రెక్కలాంటి పైమూత విప్పేస్తారు. మీటల మూత మూసి కట్టేస్తారు. కింద వేలాడే పెడళ్ళ చట్రం ఊడదీస్తారు. నేల మీద దుప్పట్లు చుట్టిన మందపాటి పలక వేస్తారు. వాయించేవాళ్ళకి ఎడమచేతి వైపు ఉండే మూల కాలు తీసి, ఆ మూలని మెల్లగా పలక మీదికి దించుతారు. ఆ తర్వాత అందరూ కలిసి నెడితే పియానో తిన్నగా ఉండే తన పక్క మీదికి తిరిగి నిలబడుతుంది. మిగిలిన రెండు కాళ్ళు అప్పుడు తీసి, దుప్పట్లు కప్పి, పట్టీలు బిగించి, చక్రాల బల్ల ఎక్కిస్తారు. కొత్త చోట ఇదంతా వెనక నుంచి ముందుకి చెయ్యాలి. అక్కడ ఆఖర్న మిగిలేది మొదట తీసిన ఆ మూల కాలే. దాన్ని వీళ్ళు మూడో కాలు అంటారు.

ఈ పనికొక కట్టుబాటు ఉంది. పియానో కదులుతున్నంతసేపూ ఒక్క గొంతే వినిపించాలి. ఇంటివాళ్ళు, కుర్రాళ్ళు, డ్రైవరు, ఆఖరికి యజమాని అయినా సరే, నోరు మూసుకోవాల్సిందే. ఇద్దరు మాట్లాడితే ఒకడు ఒకటి విని, ఇంకొకడు ఇంకొకటి విని, మధ్యలో ఎవరి చెయ్యో నలుగుతుంది. ఆ ఒక్క గొంతు పైబావది. కిందున్నవాడికి మాత్రం ఒక్క మాట అనుమతి. "ఆనిందా?" అని పైనుంచి అడిగితే, కాలు నేల మీద సరిగ్గా కూర్చుందో లేదో కళ్ళతో చూసి, "ఆనింది" అనాలి. అది వినేదాకా పైవాడు చెయ్యి తియ్యడు. ఆ మాటలో అబద్ధమాడడమంటే మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. కిందిబావ ఏనాడూ ఆడలేదు.

పైబావ లెక్క పెట్టే పద్ధతి కూడా అందరిలాంటిది కాదు. "ఒకటి… రెండు…" అంటాడు, మూడు అనడు. ముక్కుతో "ఊఁ" అంటాడు. ఆ ఊఁకి కిందిబావ భుజం లేచేది. ఎందుకలా అని అడిగితే, "మూడు అనేలోపు ఊపిరంతా మాటకే పోతుంది, ఎత్తడానికేం మిగులుతుంది?" అనేవాడు. అందులో నిజమెంతో ఎవరూ తూచి చూడలేదు. ఇద్దరికీ అది అలవాటైపోయింది, అంతే.

ఇలా ఉండగా ఆవిడ పోయింది. జబ్బు పేరు చెప్పుకున్నందువల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. వచ్చింది, తీసుకుపోయింది. పిల్లలు లేరు. దహనం అయిపోయాక ఆ సాయంత్రమే చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. పైబావ కూడా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి, "రేపు మళ్ళీ వస్తా, పడుకో" అని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున కిందిబావ లేచి టీ పెట్టుకుందామని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. పంచదార డబ్బా ఎక్కడుంటుందో తెలియలేదు. అడగడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గిన్నెలో నీళ్ళు కాగే చప్పుడు కూడా ఎవరో పరాయివాళ్ళు వచ్చినట్టు అనిపించింది. పొయ్యి ఆర్పేసి, చెప్పులేసుకుని, కాళ్ళు ఎటు తీసుకెళితే అటు నడిచాడు. అవి గోడౌనుకి తీసుకెళ్ళాయి. వాటికి తెలిసిన దారి అదొక్కటే.

పని చేద్దామని వెళ్ళలేదు. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నాడో. అక్కడికి వెళితే పైబావ ఉంటాడు, ఎప్పటిలా "ఆనిందా?" అని కేక వేస్తాడు, తను "ఆనింది" అంటాడు. జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి ఎవరైనా అడిగితే చాలు, ఆ పూటకి బతుకుతాననిపించింది. కొయ్యకి వేలాడుతున్న తన నడుం పట్టీ తీసి కట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక కట్టుకున్నాడంతే.

సరిగ్గా అప్పుడే పైబావ వచ్చాడు. "మా బావ ఒక నెల దాకా రాలేడు, ఆయన పని నేను సర్దుతాను" అని యజమానికి చెప్పడానికి వచ్చాడు పాపం. వచ్చి చూస్తే ఎదురుగా బావ, నడుం పట్టీ బిగించుకుంటూ.

"నా చెల్లెలు పోయి ఒక్క పూట గడవలేదు. అప్పుడే పట్టీ కట్టావా?" అన్నాడు. "నువ్వసలు మనిషివేనా?"

ఏదో ఒకటి చెప్పాల్సింది. ఏడ్చినా సరిపోయేది. కిందిబావ నోట్లోంచి వచ్చింది మాత్రం, ఇన్నేళ్ళుగా వస్తున్నదే, "ఊఁ."

పైబావ వెనక్కి తిరిగాడు. ఆ వారంలోనే వేరే కంపెనీలో చేరిపోయాడు.

ఏడాది దాటింది. ఇద్దరి ఇళ్ళ మధ్య దూరం ఎంతో లేదు, గట్టిగా నడిస్తే చెమట పట్టేలోపు చేరుకోవచ్చు. దుకాణం దగ్గర ఎదురుపడితే పైబావ మొహం తిప్పుకుని బియ్యం బస్తాల వైపు చూసేవాడు. కిందిబావ రెండు మూడుసార్లు ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళాడు కూడా. ఏమని మొదలుపెట్టాలో తెలియక, చెప్పులు విప్పకుండానే వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో గోడకి చెప్పి చూసుకున్నాడు. "బావా, ఆ రోజు నేను పనికి రాలేదు" అని మొదలుపెట్టి గోడకి బాగానే చెప్పాడు. గోడ ఏమీ అనలేదు. ఆ ఇంట్లో మాట్లాడేవాళ్ళు కరువైపోయాక ఆయన ఊఁలకి కూడా పని లేకుండా పోయింది. ఒక్కో ఆదివారం పొద్దున్నుంచి పడుకోబోయేదాకా ఒక్క మాట బయటికి వచ్చేది కాదు. సోమవారం గోడౌనులో మొదటి మాట అనేటప్పుడు గొంతు పెగిలేది కాదు.

పనిలోనూ కుదురు లేదు. ఇప్పుడు లెక్క పెట్టేది డ్రైవరు. మంచివాడే, కానీ బస్టాండులో టిక్కెట్టు అమ్మేవాడిలా "ఒకటీ! రెండూ! మూడూ!" అని అరుస్తాడు. మూడుకి ఎత్తాలి. కిందిబావ భుజం మాత్రం రెండు తర్వాత ఖాళీలోనే లేచిపోయేది. నాయనా ఆగు అని దానికి ఎంత నచ్చజెప్పుకున్నా వినలేదు. ఒకరోజు అలాగే ముందు లేస్తే పియానో తోక పక్కకి జరిగి, కొండ అనే భారీమనిషి వేళ్ళు గోడకీ దానికీ మధ్య పడ్డాయి. ఎముక విరగలేదు గానీ తోలు లేచిపోయింది.

"ఏమయ్యా, మూడు దాకా లెక్క రాదా నీకు?" అన్నాడు యజమాని.

వచ్చు. మూడు ఉంటుందని తెలుసు. భుజానికే తెలియదు.

అలాంటి రోజుల్లో సంగీతం టీచరుగారి పని వచ్చింది. మేడ మీద గదిలో పాతకాలపు గ్రాండ్ పియానో. కిందికి దిగాలంటే మధ్యలో మలుపు తిరిగే ఇరుకు మెట్లు. టీచరుగారు మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేక రెండు వీధుల అవతల కింది వాటాలోకి మారుతున్నారు. యజమాని వెళ్ళి మలుపు కొలిచి, తల గోక్కుని, తిరిగొచ్చాక కిందిబావని పక్కకి పిలిచాడు.

"ఆ మెట్ల మీద మన డ్రైవరుతో అయ్యే పని కాదు. మీ బావని ఒక్కరోజుకి అడిగాను. వాళ్ళ కంపెనీవాళ్ళు సరేనన్నారు. నువ్వుంటావని ఆయనకి చెప్పాను."

"ఏమన్నాడు?" అన్నాడు కిందిబావ.

"'పని సంగతి చెప్పండి' అన్నాడు."

ఆ మాటలో రమ్మన్నట్టూ లేదు, పొమ్మన్నట్టూ లేదు. కిందిబావకి అది చాలు. ఒక్కరోజు. పియానో ఆ మేడ మీది నుంచి కొత్త గదిలోకి చేరేదాకా ఇద్దరూ ఒకే చోట ఉంటారు. ఈలోపు చెప్పగలిగితే చెప్పినట్టు, లేకపోతే ఇక జన్మలో లేనట్టే అనుకున్నాడు. ఆయనకి ఇంకెవరూ లేరు. ఆ సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు గానీ, పని రోజు పొద్దున పట్టీ కట్టుకుంటుంటే గట్టిగా తెలిసొచ్చింది.

పైబావ చెప్పిన వేళకే వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. అందరికీ తలూపాడు, ఆ ఊపులో కిందిబావ వాటా ఎంతో తేలలేదు. నేరుగా పియానో దగ్గరికి వెళ్ళి, చుట్టూ తిరిగి, కాళ్ళు కదిపి చూసి, కిటికీ వైపు ఉన్న కుర్చీలు తీయించాడు. టీచరుగారు గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

"జాగ్రత్త బాబూ, అది నా కంటే పెద్దది. మా అమ్మ వాయించేది."

"మీరు కిందికెళ్ళి కూర్చోండమ్మా. చూస్తే భయపడతారు, మీరు భయపడితే మాకు భయమేస్తుంది" అన్నాడు పైబావ. ఆవిడ నవ్వి, మెట్లకేసి దిగులుగా చూసి, గోడ పట్టుకుని దిగిపోయారు.

మూత విప్పారు. పెడళ్ళ చట్రం తీశారు. దుప్పట్ల పలక పరిచారు. కొండ, డ్రైవరు వెనకవైపు, పైబావ మూల దగ్గర. కిందిబావ నేల మీద పడుకుని కిందికి దూరాడు. పాతకొయ్య వాసన, లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము. అక్కడి నుంచి ఆయనకి కనిపించేవి బూట్లే. పైబావ ఎడమ బూటు మడమ ఎప్పటిలాగే లోపలివైపు అరిగి ఉంది. అది చూడగానే ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాడు.

"ఒక్క గొంతే" అన్నాడు పైబావ గదిలోకి. ఎవరికి చెప్పాడో అందరికీ తెలిసింది. డ్రైవరు నోరు మూసుకున్నాడు.

"ఒకటి… రెండు… ఊఁ."

భుజం లేచింది. ఏడాదిగా తప్పిన తాళం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. మూల లేచింది, కాలు ఊడింది, మూల వెన్నలా కిందికి దిగింది.

"ఆనిందా?"

"ఆనింది."

ఏడాది తర్వాత ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాట అదే. కిందిబావ దాన్ని మనసులో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. అందులో పని తప్ప ఏమీ లేదు. అయినా ఆయనకి కొంచెం ఆకలి తీరినట్టయింది.

పియానో పక్కకి తిరిగి నిలబడింది. మిగతా రెండు కాళ్ళూ తీశారు, పట్టీలు బిగించారు. మెట్ల దగ్గర కిందిబావ కిందివైపు, పైబావ పైవైపు పట్టీ పట్టుకున్నారు. మలుపులో దాని ముక్కు పైకెత్తి తిప్పాలి. ఆ క్షణం బరువంతా కిందున్నవాడి రొమ్ము మీదికి వస్తుంది. పైవాడు పట్టీ జారవిడిస్తే ఇక కిందున్నవాడి కథ అంతటితో సరి. మనసులో కోపం ఉన్న మనిషి చేతికి తన ప్రాణం ఇచ్చి కిందిబావ ఆ మెట్టు మీద నిలబడ్డాడు. భయం మాత్రం వేయలేదు. బావకి తన మీద ఎంత కోపమైనా ఉండొచ్చు, పట్టీ మీద ఉండదు.

"ఒకటి… రెండు… ఊఁ."

తిరిగింది. గోడ సున్నం కూడా గీసుకోలేదు. కింద టీచరుగారు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"మీరిద్దరూ అన్నదమ్ములా?" అని అడిగారు ఆవిడ.

పైబావ చెమట తుడుచుకుంటూ అటు తిరిగాడు. కిందిబావ జవాబు కోసం చెవులు రిక్కించాడు. "లారీ వెనక్కి పెట్టమనండి" అన్నాడు పైబావ డ్రైవరుతో.

లారీలో పైబావ ముందు సీట్లో కూర్చున్నాడు. కిందిబావ వెనక పియానో పక్కన కూర్చున్నాడు. ఒకళ్ళు దాని పక్కన ఉండాలి కదా అని తనే ఎక్కాడు. దారి పొడుగునా గోడకి చెప్పుకున్న మాటలు మళ్ళీ మొదటి నుంచి కూర్చుకున్నాడు. 'బావా, ఆ రోజు నేను పనికి రాలేదు.' దుప్పటి కప్పుకున్న పియానో లోపల తీగలు గతుకు గతుకుకీ సన్నగా మోగాయి. రెండు వీధులు ఎంతసేపని? మాట కుదురుకునేలోపే లారీ ఆగింది.

కొత్త గది చిన్నది, కిటికీ ముందు పియానోకి చోటు ఖాళీ చేసి ఉంచారు. పియానో కాళ్ళ చివర ఉండే చిన్న చక్రాలు ఆనడానికి నేల మీద మూడు గాజు గిన్నెలు పెట్టారు టీచరుగారు. పియానో ఇంకా పక్క మీద నిలబడి ఉండగానే రెండు కాళ్ళూ బిగించారు. తర్వాత అందరూ కలిసి మెల్లగా ఒరిగించి, ఆ రెండు కాళ్ళ మీదికీ మూల కింద ఉన్న పలక మీదికీ దించారు. చక్రాలు రెండూ గిన్నెల్లో కూర్చున్నాయి. ఇక మిగిలింది మూడో కాలు. డ్రైవరు లారీ అడ్డంగా ఉందని తీయడానికి బయటికి వెళ్ళాడు. టీచరుగారు వంటగదిలో టీ పెడుతున్నారు.

పైబావ, కొండ పక్కపక్కన నిలబడి మూల పట్టుకున్నారు. కిందిబావ కాలు పట్టుకుని కిందికి దూరాడు.

"ఒకటి… రెండు… ఊఁ."

మూల లేచింది. కిందిబావ కాలిని గాడిలో పెట్టి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేశాడు. కూర్చుంది. చక్రం కింద గిన్నె సర్దాడు.

"దించుతున్నా" అన్నాడు పైబావ. మూల జాగ్రత్తగా దిగింది. చక్రం గిన్నెలోకి చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది. కాలు నిటారుగా ఉంది. వంక పెట్టడానికి వీల్లేదు.

"ఆనిందా?"

కిందిబావ నోరు తెరిచాడు. ఈ మాట అంటే పైనున్న చేతులు లేస్తాయి. బూట్లు గుమ్మం వైపు తిరుగుతాయి. టీ తాగితే తాగుతాడు, లేకపోతే అదీ లేదు. ఆ తర్వాత మళ్ళీ ఆ ఇల్లు, ఆ గోడ, సోమవారం దాకా పెగలని గొంతు. ఆయన చెయ్యి ఇంకా పియానో కాలి మీదే ఉంది. అది రాయిలా నిలబడి ఉంది.

"ఇంకా లేదు" అన్నాడు.

పని మీద ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. పైన ఎవరూ కదల్లేదు. పైబావ కాసేపటికి మళ్ళీ అడిగాడు.

"ఆనిందా?"

"కొంచెం… ఆగు బావా."

"ఆగాను."

ఏడాదిగా కూడబెట్టిన మాటలన్నీ ఇప్పుడే చెప్పాలి. ఇప్పుడైతే బావ వెళ్ళిపోలేడు, మొహం తిప్పుకోలేడు, చేతుల్లో పియానో ఉంది. కిందిబావ మొదటి మాట కోసం వెతికాడు. లారీలో ఉన్న మాట ఇప్పుడు లేదు. సుత్తి పిడి పట్టుకుని పియానో అడుగున ఉన్న అడ్డకర్రలకేసి చూస్తూ పడుకున్నాడు. పైన కొండ గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు. పైబావ అరిగిన బూటు కదిలి కొండ బూటు మీద పడింది. కొండ ఆగిపోయాడు.

కిందిబావ అది చూశాడు. బరువు ఆపలేక బావ కాలు జారుతోంది అనుకున్నాడు. ఆ మనిషికి కుడిభుజం ఎప్పటినుంచో నొప్పి. చలికాలమైతే చొక్కా వేసుకోవడమే కష్టం. అలాంటివాడి చేత ఇంత బరువు ఊరికే మోయిస్తున్నాడు తను, మాట రాని తన చేతకానితనం కోసం. ఛీ అనుకున్నాడు. ఆ రోజు బావ అన్నమాటే నిజం, తను మనిషి కాదు.

"ఆనింది బావా" అన్నాడు గబగబా. "ఎప్పుడో ఆనింది. అబద్ధం చెప్పాను. దింపెయ్, వదిలెయ్. నువ్వు వెళ్ళిపోతావని అలా అన్నాను. ఊరికే మోయించాను నీ చేత, తప్పైపోయింది."

పైన బూట్లు కదల్లేదు.

"మోయించడమేంటి?" అన్నాడు పైబావ. "నా చేతుల్లో బరువే లేదు. నువ్వు 'ఇంకా లేదు' అన్నావే, అప్పటికే లేదు. కాలు ఆనితే చేతులకి తెలీదా?"

"అదే నేను చెప్పబోతే కాలు తొక్కావు" అన్నాడు కొండ.

"నువ్వెళ్ళి టీ తాగు."

కొండ బూట్లు వెళ్ళిపోయాయి. కిందిబావ అలాగే పడుకుని ఉన్నాడు. ఇన్నేళ్ళ పనిలో ఒక్కసారి కూడా ఆయన పైన నిలబడలేదు. కాలు ఆనగానే పైవాడి చేతులు తేలికవుతాయని ఆయనకి తట్టనే లేదు. "ఆనింది" అని తను చెబితేనే పైవాడికి తెలుస్తుందనుకునేవాడు. అంటే బావ ఇంతసేపూ ఖాళీ చేతులతో ఒక పియానోని పట్టుకుని నిలబడ్డాడు.

బయటికి రాబోతూ మోచేతి మీద లేచాడు.

"రాకు" అన్నాడు పైబావ. "అక్కడే ఉండు. బయటికొచ్చి నా మొహం చూస్తే నీకు మాట రాదు. నీ మొహం చూస్తే నాకు కోపం ఆగదు. కింద నుంచే చెప్పు. ఆ రోజు ఎందుకొచ్చావు?"

కిందిబావ మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. గోడకి చెప్పుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. వేరేవి వచ్చాయి.

"పంచదార ఎక్కడుందో తెలీలేదు బావా" అన్నాడు. "అడుగుదామని నోరు తెరిచాను. తను లేదు. ఇల్లు ఏమీ అడగలేదు నన్ను. అక్కడికొస్తే నువ్వుంటావని వచ్చాను. నువ్వేదైనా అడుగుతావని. పనికి కాదు. ఆ పట్టీ… చేతులు ఊరికే ఉండలేక కట్టుకున్నాను. నువ్వు మనిషివేనా అన్నావు. అది నిజంగానే అడిగావేమో అనుకున్నాను. నాకూ తెలీదు అప్పుడు."

ఇంత పొడుగు మాట ఆయన జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. అయిపోయాక ఆయాసం వచ్చింది. కన్నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు, చెయ్యి పియానో అడుగుకి తగిలింది, లోపల ఒక తీగ కొంచెంసేపు మోగింది.

పైనుంచి ముక్కు చీదిన చప్పుడు ఒకటి వచ్చింది, అంతే. వంటగదిలో కప్పులు కడుగుతున్నారు. పైబావ చేతులు మూల మీది నుంచి ఇంకా లేవలేదని కిందిబావకి తెలుసు, బూట్లు దగ్గరగా ఉన్నాయి.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడిగాడు పైబావ.

"లేదు" అన్నాడు కిందిబావ. ఈసారి అది నిజమే.